నష్టపరిహారం పునాది దాకా వెళ్లాలి

సంపాదకులకు నమస్కారం.

నాసిరకం కాంక్రీటు వల్ల ఇళ్లు దెబ్బతిన్న యజమానులను ప్రభుత్వం ఆదుకోవాలన్న మాట వచ్చినప్పుడల్లా, అదేదో ప్రజాధనంతో చేసే దానమన్నట్టు చర్చ సాగుతోంది. ఐర్లండ్ అనుభవాన్ని పరిశీలించిన వారెవరూ అలా అనలేరు. అక్కడ డానిగాల్, మేయో కౌంటీలలో వేలాది ఇళ్ల గోడలు బీటలు వారి, కాంక్రీటు దిమ్మెలు పొడిపొడిగా రాలిపోతున్నాయి. డానిగాల్‌లో ప్రధానంగా మైకా (అభ్రకం), మేయోలో పైరైట్ అనే ఇనుప సల్ఫైడు (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఇందుకు కారణమని 2017లో నిపుణుల సంఘం నివేదిక ఇచ్చింది. ఆ తరువాతి పరిశోధనలు డానిగాల్ విషయంలో పైరోటైట్ అనే మరో ఇనుప సల్ఫైడును వేలెత్తి చూపాయి. గాలి, తేమ తగిలినకొద్దీ ఇది ఆక్సీకరణం చెంది, ఆ చర్యలో పుట్టే పదార్థాలు ఉబ్బి, కాంక్రీటును లోపలి నుంచే పగులగొడతాయి.

క్వారీ నుంచి వచ్చిన కంకరలో ఏ ఖనిజం ఎంత ఉందో ఇల్లు కొనేవారు కంటితో చూసి చెప్పలేరు. ప్రమాణాలు నిర్ణయించేది ప్రభుత్వం, వాటిని ఉత్పత్తిదారులు పాటిస్తున్నారో లేదో తనిఖీ చేయవలసిందీ ప్రభుత్వమే. పైగా ఈ లోపం బయటపడేసరికి పదేళ్లో ఇరవయ్యేళ్లో గడిచిపోతాయి కాబట్టి, దావా వేసే గడువు తీరిపోవడమో, దిమ్మెలు అమ్మిన సంస్థ మూతపడి ఉండడమో జరుగుతుంది. ఈ గడువులు మార్చరానివేమీ కావు. 2017లో లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అనే నివాస భవనంలో జరిగిన అగ్నిప్రమాదం తరువాత ఇంగ్లండ్‌లో 2022 నాటి భవన భద్రతా చట్టం, అప్పటికే పూర్తయిన ఇళ్ల విషయంలో దావా గడువును ఆరేళ్ల నుంచి ముప్పై ఏళ్లకు పెంచింది.

ఐర్లండ్ ప్రభుత్వం 2020లో తెచ్చిన మొదటి పథకం మరమ్మతు ఖర్చులో 90 శాతం ఇస్తామన్నది. మిగిలిన పది శాతంతో పాటు దిమ్మెల పరీక్షల ఖర్చునూ యజమానులే ముందుగా భరించవలసి రావడంతో, అప్పటికే గృహరుణం వాయిదాలు కడుతున్న కుటుంబాలు దరఖాస్తు దగ్గరే ఆగిపోయాయి. 2021లో వేలాది మంది డబ్లిన్ వీధుల్లోకి వచ్చి నూరు శాతం పరిహారం కోరిన తరువాతే, నూరు శాతం ఇస్తామంటూ ఐర్లండ్‌లో 2022 నాటి కొత్త చట్టం వచ్చింది. ఇంటికి 4.20 లక్షల యూరోలుగా ఉన్న గరిష్ఠ పరిమితిని తరువాత 4.62 లక్షలకు పెంచారు. అయితే ఈ గ్రాంటును అసలు ఖర్చును బట్టి కాక, విస్తీర్ణానికి నిర్ణయించిన రేట్లను బట్టి లెక్కగడుతున్నారు. వాస్తవ ఖర్చు అంతకు మించితే ఆ తేడా మళ్లీ యజమాని మీదే పడుతుంది. కాగితం మీది నూరు శాతానికీ, చేతికందే సొమ్ముకూ మధ్య ఉన్న ఈ దూరాన్ని ఎవరైనా నిజాయతీగా ఒప్పుకోవాలి.

నన్ను అన్నిటికన్నా కలవరపరుస్తున్నది పునాదుల సంగతి. ఇంటిని పూర్తిగా కూల్చి తిరిగి కట్టేందుకు అనుమతి వచ్చినా, ఐర్లండ్ పథకం కూల్చివేతను పునాది మట్టం దగ్గరే ఆపింది. అనుమానం కంకర మీద ఉన్నప్పుడు గోడలను మాత్రమే మార్చి, పునాదిని పరీక్షించకుండా దాని మీదే కొత్త ఇల్లు కట్టమనడం ఏ ఇంజనీరింగ్ సూత్రానికీ నిలవదు. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఇదే పైరోటైట్ వల్ల నేలమాళిగల గోడలు పగిలినప్పుడు, ‘హఠాత్తుగా కూలితేనే బీమా’ అంటూ పలు బీమా సంస్థలు చేతులెత్తేశాయి. అక్కడి ప్రభుత్వం ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసి, గృహబీమా పాలసీల మీద ఏటా 12 డాలర్ల రుసుము విధించి, ఇంటిని పైకెత్తి పాత పునాదిని తొలగించి కొత్తది వేసే పనికే గరిష్ఠంగా 1.90 లక్షల డాలర్ల దాకా చెల్లిస్తోంది. ఆ పరిమితి చాలని కుటుంబాలూ ఉంటాయి. అయినా ఆ పథకం లోపమున్న చోటికే నేరుగా వెళ్లింది.

డబ్బు ఎవరి దగ్గర వసూలు చేయాలన్నది న్యాయమైన ప్రశ్నే. ఐర్లండ్ 2023 సెప్టెంబరు నుంచి కాంక్రీటు ఉత్పత్తులపై 5 శాతం సుంకం విధించింది, కానీ ఆ భారం చివరికి కొత్తగా ఇల్లు కట్టుకునేవారికే బదిలీ అయ్యే అవకాశం ఉంది. ఆ లెక్క తేలే వరకు బాధితులను నిరీక్షింపజేయకూడదు. ఏ ప్రభుత్వమైనా ముందుగా తానే చెల్లించి, ఉత్పత్తిదారులపై దావా వేసే హక్కును యజమాని నుంచి తాను తీసుకోవాలి. పరీక్షల రుసుమునూ, పని జరిగినన్నాళ్లు కుటుంబం ఉండే అద్దె ఇంటి ఖర్చునూ గ్రాంటు నుంచి కోయకుండా విడిగా భరించాలి. పునాది నమూనాల పరీక్ష ఫలితం వచ్చాకే పునర్నిర్మాణానికి అనుమతి ఇవ్వాలి.

ఇట్లు,
ఒక సివిల్ ఇంజనీరు