అక్కా, వారానికి ఒక్క వ్యాసం చదివించు

డల్లాస్,
నవంబరు నెల

అక్కకు,

ఇక్కడ మేమంతా బాగున్నాం. అమ్మ మోకాళ్ళకు డాక్టరు చెప్పిన ఎక్సర్‌సైజులు నిజంగా చేస్తోందా, లేక ఫోన్లో నాకు చెప్పడానికే చేస్తోందా? నువ్వైతే నిజం రాస్తావు. బావను అడిగానని చెప్పు.

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. సెకండియర్ పిల్లలకు ఒక పేజీ ఇంగ్లీషు ఇచ్చి ‘ఇందులో రచయిత ఏమంటున్నాడు?’ అని అడిగితే క్లాసు క్లాసంతా తల దించుకుంటోందనీ, పరీక్షకు మాత్రం గైడ్లు బట్టీ కొట్టి గట్టెక్కుతున్నారనీ అన్నావు. చివర్లో ‘మీకక్కడ ఈ బాధ ఉండదులే’ అన్నావు చూడు, అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను. ఉంది. ఆ బాధ ఉండబట్టే నాకిక్కడ ఉద్యోగం ఉంది.

మా కమ్యూనిటీ కాలేజీలో (ఇక్కడ రెండేళ్ళ కాలేజీని అలా అంటారు) చేరేవాళ్ళలో చాలామందికి టి.ఎస్.ఐ. అని, కాలేజీ చదువుకు సిద్ధంగా ఉన్నారో లేదో చూసే పరీక్ష పెడతారు. చదవడంలో వెనకబడ్డవాళ్ళకు మామూలు సబ్జెక్టులతో పాటు రీడింగ్ క్లాసు కూడా ఉంటుంది. ఒకప్పుడు ఈ క్లాసు పాసైతేనే అసలు క్లాసులోకి రానిచ్చేవాళ్ళు. 2017లో టెక్సాస్ ఒక చట్టం చేసింది. అప్పట్నుంచి మెల్లగా రెండూ కలిపి ఒకే సెమిస్టర్లో నడపడం మొదలైంది. వీళ్ళంతా బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ళే అనుకునేవు. పుట్టినప్పట్నుంచీ ఇంగ్లీషే మాట్లాడే పిల్లలు కూడా పేజీ చదివి, ఏం చదివారో చెప్పలేరు. రాత్రంతా గోడౌన్లో పెట్టెలు మోసి, పొద్దున్నే కాఫీ కప్పుతో క్లాసుకొచ్చే పిల్లలు వాళ్ళు. తెలివి తక్కువేం కాదు. చదవడం ఎవరూ అలవాటు చేయలేదు, అంతే.

మేము చేసేది చెప్పుకుంటే చాలా చిన్న పని. వారం వారం న్యూస్ మ్యాగజైన్ నుంచి ఒక వ్యాసం, దాని మీద అరఠావు రాత. సెమిస్టర్ మొత్తం ఇదే. టెక్స్ట్ బుక్ కాదని మ్యాగజైన్ ఎందుకంటే, మొదటి కారణం నీకు చెప్పక్కర్లేదు. పోయిన వారం వచ్చిన వ్యాసానికి ఏ అంగట్లోనూ గైడు దొరకదు. రెండో కారణం నాకు ఇంకా నచ్చుతుంది. టైమ్ పత్రికను 1923లో పెట్టిన హ్యాడెన్, లూస్ ఇద్దరూ అప్పటికి పాతికేళ్ళ కుర్రాళ్ళు. రోజూ పేపరంతా చదివే తీరిక లేనివాడికి వారం సంగతులు పొందిగ్గా చెప్పాలన్నది వాళ్ళ ఆలోచన. అందుకని వారపత్రిక ఏ విషయమెత్తుకున్నా వెనకటి కథను క్లుప్తంగా మళ్ళీ చెబుతుంది. అసలేమీ తెలియని పిల్లకు కూడా మధ్యలో ఎక్కడానికి మెట్టు ఉంటుంది.

పోయిన నెల మా క్లాసులో జరిగింది చెబుతా. కొలరాడో నది గురించి ఒక వ్యాసం ఇచ్చాం. అరిజోనాలో ఒక రైతు తన బీడు పొలం గట్టు మీద నిలబడి ఉండగా మొదలవుతుంది. పందొమ్మిదేళ్ళ పిల్ల ఒకతి పేజీ తెచ్చి చూపించింది. మొదటి అక్షరం నుంచి చివరిదాకా గడపకు పూసినట్టు పసుపు రంగు హైలైటర్ పూసేసింది. కింద ముఖ్య విషయమని రాసింది: ‘నీళ్ళు లేక ఒక రైతు పొలం బీడు పెట్టాడు.’

ఆ పిల్ల రాసింది వ్యాసంలో లేని మాట కాదు. కానీ వ్యాసం చెప్పేది అది కాదు. నేను మొదటి మూడు పేరాల మీద తెల్ల కాగితం కప్పి, నాలుగో పేరా ఒక్కటే చదవమన్నాను. 1922లో ఏడు రాష్ట్రాలు నదిని పంచుకున్నాయి, ఆ లెక్కలు వేసింది నీళ్ళు బాగా పారిన ఏళ్ళను చూసి, కాబట్టి నదిలో ఎప్పుడూ ఉండనన్ని నీళ్ళను కాగితం మీద పంచుకున్నారు అని ఉంది అక్కడ. ‘మరి ఈ రైతును ముందు ఎందుకు తెచ్చినట్టు?’ అని అడిగాను. కొంచెంసేపు చూసి, ‘ఆ లెక్క తప్పింది ఎవరి పొలంలో తెలుస్తుందో చూపించడానికి’ అంది. ఇక ఆ రోజుకు నేను చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు.

మ్యాగజైన్ వ్యాసాల్లో ఇది మామూలే. ఒక మనిషితో మొదలుపెట్టి, అసలు మాట మూడో పేరాలోనో నాలుగో పేరాలోనో పెడతారు. మన పిల్లలకు ముఖ్య విషయం మొదటి వాక్యంలోనే ఉంటుందని నేర్పించాం గదా, అందుకే అక్కడే ఆగిపోతారు.

మీ క్లాసుకు ఇంతకంటే మంచి పాఠం మన అనంతపురం జిల్లా కాలవలోనే ఉంది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు చైను తెగి కొట్టుకుపోయింది గుర్తుందా? ఆ వెంటనే డైలీ పేపర్లలో వచ్చిన వార్త తీసుకో. ఏమైంది, ఎప్పుడైంది, ఎన్ని క్యూసెక్కులు కిందికి పోతున్నాయి, అన్నీ పైనే ఉంటాయి. చివరి రెండు పేరాలు కత్తిరించినా వార్తకు లోటు రాదు, అసలు అలా కత్తిరించడానికి వీలుగానే రాస్తారు. అదే విషయం మీద తర్వాత ఏ పత్రికలోనైనా వచ్చిన పెద్ద వ్యాసం ఒకటి వెతికి పక్కన పెట్టు. అది కణేకల్లులో హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలవ) కింద వరి పెట్టిన రైతు దగ్గర మొదలైనా ఆశ్చర్యం లేదు. డ్యామ్ కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టేది పూడికతో 105 దగ్గరికి ఎలా దిగిందో, పాత గేట్ల సంగతి ఇన్నేళ్ళు ఎవరు పట్టించుకోవాలో, ఆ అసలు చర్చ మధ్యలో వస్తుంది. రెండూ ఇచ్చి, ‘ఒక్క పేరా మాత్రమే ఉంచుకోవాలంటే దీంట్లో ఏది ఉంచుతావు, దాంట్లో ఏది ఉంచుతావు?’ అని అడుగు. పీరియడ్ చాలదు చూడు.

ఇక అరఠావు సంగతి. పైన వ్యాసం పేరు, పత్రిక, తేదీ. తర్వాత వ్యాసం మొత్తం ఏమంటోందో సొంత మాటల్లో ఒక్క వాక్యం. దానికి రచయిత చూపించిన ఆధారాలు రెండో మూడో. రాసినదాంట్లో జరిగిన సంగతి ఏది, రచయిత అభిప్రాయం ఏది. అన్నిటికంటే కింద, తనకు అర్థం కాని విషయం మీద ఒక ప్రశ్న. ఆ ప్రశ్న లేని కాగితాన్ని మేము తీసుకోం. నా మటుకు ఆ చివరి గీతే మిగతా కాగితమంత విలువ చేస్తుంది. ఎక్కడ తెలియలేదో తెలుసుకోవడం బట్టీ పట్టే పిల్లలకు అస్సలు అలవాటు లేని పని.

చదవడానికి ముందు హెడ్డింగు, దాని కింది చిన్న అక్షరాల లైను, ఫోటోలు, ఫోటో కింది మాటలు, గ్రాఫులు చూసి, ఇందులో ఏముండొచ్చో ఊహించమంటాం. ఇది మేము కనిపెట్టింది కాదు, ఫ్రాన్సిస్ రాబిన్సన్ అనే ఒహాయో ప్రొఫెసర్ 1946లోనే చెప్పాడు: పైపైన చూడు, ప్రశ్న వేసుకో, చదువు, పుస్తకం మూసి చెప్పు, వెనక్కెళ్ళి సరిచూసుకో. అందరూ ఎగ్గొట్టేది నాలుగోది, మూసి చెప్పడం. నువ్వు క్లాసులోనే పక్కవాడికి తెలుగులో చెప్పించు. తెలుగులో చెప్పగలిగితే అర్థమైనట్టే, ఇంగ్లీషు వాక్యం తర్వాత చూసుకోవచ్చు.

ఒకే విషయాన్ని కొన్ని వారాలు వదలకుండా పట్టుకోనివ్వు. ప్రతి వారం కొత్త విషయం ఇస్తే ప్రతి వారమూ మొదటి రోజే అవుతుంది. 1988లో రెక్ట్, లెస్లీ అని ఇద్దరు పరిశోధకులు ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు బేస్‌బాల్ ఆట మీద ఒక కథనం చదివించి, ఏం జరిగిందో చిన్న మైదానం బొమ్మ మీద చెక్క బొమ్మలు కదుపుతూ చూపించమన్నారు. చదువులో వెనకబడ్డవాళ్ళైనా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగినా ఆట తెలియని పిల్లలకంటే చక్కగా చెప్పగలిగారు. మన క్రికెట్ పిచ్చోళ్ళకు ఇంగ్లీషు మ్యాచ్ రిపోర్టు ఇచ్చి చూడు, నీకే తెలుస్తుంది.

మీ పిల్లల్లో సగంమంది శెనక్కాయ పండించే ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళే అయ్యుంటారు. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె రావడం తగ్గింది, ఏప్రిల్ చివర్లో ఇండోనేసియా పామాయిల్ ఎగుమతి ఆపేసింది. మూడు వారాలకు పైగా ఆపింది. అప్పుడు అమ్మ ఫోన్ చేస్తే నూనె ప్యాకెట్ రేటు తప్ప వేరే మాట లేదు గదా! ఎగుమతి నిషేధాల మీద ఇంగ్లీషు వ్యాసం ఇస్తే డల్లాస్ పిల్లల కంటే అనంతపురం పిల్లలకే ముందు అర్థమవుతుంది. వాళ్ళకు తెలిసిన చోట మొదలుపెట్టించు. తెలుగు మీడియం పిల్లలైతే అదే వార్త ముందు తెలుగు పేపర్లో చదివి, తర్వాత ఇంగ్లీషు ముట్టుకోమను. దాన్ని చూచిరాత అని ఎవరైనా అంటే పట్టించుకోవద్దు.

ఎంత కష్టమైన వ్యాసం ఇవ్వాలనే టెన్షన్ వద్దు. వంద పదాలకు తెలియనివి రెండు మించకపోతే సొంతంగా హాయిగా చదువుకోగలరని న్యూజీలాండ్‌లో పాల్ నేషన్ వాళ్ళ పరిశోధనలో తేలింది. నువ్వు పక్కనుంటే అయిదుదాకా పరవాలేదు. అంతకు మించితే అది చదవడం కాదు, డిక్షనరీ తిరగేయడం. తెలియని పదం కింద గీత గీసి ముందుకు పొమ్మను, వ్యాసం అయిపోయాక వెనక్కొస్తే సగం పదాలు వాటంతటవే తెలిసిపోతాయి. స్పీడ్ రీడింగ్ అని ఎవరో సప్తగిరి సర్కిల్ దగ్గర కోచింగ్ పెట్టారన్నావు. ఇంగ్లీషు సొంత భాష అయిన పెద్దవాళ్ళే సగటున నిమిషానికి 238 పదాలు చదువుతారని 2019లో లెక్క తేలింది. మన పిల్లలు దాంట్లో సగం వేగంతో అర్థం చేసుకుని చదివితే చాలు. ఫీజులు దండగ.

కాపీ గురించి అడిగావు. ఇక్కడా అదే గోల, వ్యాసం ఫోటో తీసి ఏఐకి ఇస్తే క్షణంలో సారాంశం వచ్చేస్తోంది. అందుకని అరఠావు క్లాసులోనే, చేత్తోనే రాయిస్తున్నాం. ముఖ్యమైన వాక్యం ఏదో పేజీ మీద వేలు పెట్టి చూపించమంటాం. ఇంట్లో ఎవరితో చదివించుకొచ్చినా వేలు మాత్రం వాళ్ళదే పెట్టాలి గదా.

పత్రికలకు డబ్బులెక్కడివని ప్రిన్సిపాల్ అంటే, కొత్తవి కొనక్కర్లేదు. ఫ్రంట్‌లైన్, ఇండియా టుడే, ది వీక్, ఏదైనా ఒకటే పత్రిక తీసుకుని, పాతవైనా వరుస సంచికలు లైబ్రరీ నుంచి తెప్పించు. లేకపోతే పాత పేపర్ల అంగట్లో కిలో లెక్కన దొరుకుతాయి. ది ఎకనమిస్ట్ మాత్రం మొదటి ఏడాది వద్దు. అందులో వ్యాసం కింద రాసినవాళ్ళ పేరు ఉండదు, వార్తా అభిప్రాయమూ కలగలిపి పత్రిక మాటగానే చెబుతుంది. విడదీయడం కొత్తవాళ్ళకు కష్టం. మార్కులు లేకపోతే రాయరని భయమైతే ఇంటర్నల్స్‌లో ఎన్నో కొన్ని దీనికి పెట్టు. కానీ ఒక్కటి, ప్రతి వారం కాగితాలు తీసుకోవాలి, ప్రతి వారం తిరిగి ఇచ్చేయాలి. ఎర్ర ఇంకుతో తప్పులన్నీ దిద్దక్కర్లేదు, వాళ్ళడిగిన ప్రశ్నకు ఒక లైను జవాబు రాసిస్తే చాలు. రెండు వారాలు ఆపావంటే పిల్లలు మూడో వారం గైడు కొనడానికి పోతారు.

సంక్రాంతి సెలవులకు ముందు మొదటి కట్ట ఫోటోలు తీసి నాకు పంపు. బాగా రాసినవి వద్దు, అస్సలు దారి తప్పినవి పంపు, పేర్లు మూసేసి. ఏ పేరా దగ్గర తప్పారో ఫోన్లో ఇద్దరం కూర్చుని చూద్దాం. నీ ఆదివారం పొద్దున నాకు శనివారం రాత్రి, వీలుగానే ఉంటుంది. బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

నీ చెల్లి