ఒప్పుకోకు, ముందు లెక్క అడుగు

మారతహళ్లి, బెంగళూరు
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

నిన్న నీ గొంతు విన్నాక నాకు నిద్ర పట్టలేదురా. మీ మామగారు పక్కనే ఉండగా ఆ క్రెడిట్ కార్డు బాకీ వసూలు ఏజెంటు ఫోన్లో అరిచాడంటే నాకే తల కొట్టేసినట్టయింది. పొద్దున 8కి ముందు, రాత్రి 7 దాటాక బాకీ కోసం ఫోన్లు చేయకూడదని రిజర్వ్ బ్యాంకే చెప్పింది. నీకు చేసింది రాత్రి తొమ్మిదిన్నరకి. ఆ టైము, నంబరు ఇప్పుడే రాసి పెట్టుకో.

నా సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు. ఎప్పుడో మాల్లో ఓ కుర్రాడు బతిమాలి అంటగట్టిన క్రెడిట్ కార్డు, ఒక్కసారి కూడా గీకలేదు. ఇంటి లోనుకి వెళ్తే, మన అప్పుల చరిత్ర రాసి పెట్టే సిబిల్ సంస్థ రిపోర్టులో 18,400 బాకీ, పక్కన 'రిటెన్ ఆఫ్' అని, అంటే ఇక వసూలు కాదని బ్యాంకు పక్కన పెట్టిన బాకీ. ఏడాది ఫీజు, దాని మీద వడ్డీ, ఆ వడ్డీ మీద జీఎస్టీ! నేను చేసిన తెలివితక్కువ పని, కస్టమర్ కేర్‌కి నెలరోజులు ఫోన్లు చేయడం. ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త మనిషి, మళ్లీ మొదటినుంచి రామాయణం. చివరికి ఒకమ్మాయి "ఐదు వేలు కట్టేయండి సార్, సెటిల్ చేసేస్తాం" అంది. కట్టేసేవాణ్ణే. మా ఆఫీసులో ఒక కన్నడాయన ఆపాడు. రిపోర్టులో 'సెటిల్డ్' అని, అంటే తగ్గించి కట్టాడని పడితే అదో మచ్చ, 'క్లోజ్డ్' అని, అంటే పూర్తిగా తీరిందని పడాలి అన్నాడు.

అప్పుడు కూర్చుని బ్యాంకుకి ఉత్తరం రాశాను. మొదటి డ్రాఫ్టులో "కాస్త టైమిస్తే కట్టేస్తాను" అని రాసుకున్నాను, మర్యాదగా ఉంటుందని. ఆయన చూసి కొట్టేశాడు. ఇలాంటి బాకీకి కోర్టుకెళ్లడానికి మూడేళ్ల గడువు. అది తీరకముందు మనం బాకీ ఉందని ఒప్పుకుంటూ సంతకం పెట్టి రాసిస్తే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలు. అందుకే "మీరు బాకీ అంటున్న మొత్తం" అని రాయాలట. నా సంతకం ఉన్న దరఖాస్తు, మొదటినుంచి స్టేట్‌మెంట్లు, వడ్డీ ఎలా లెక్కేశారు, నా నంబరు ఏ ఏజెన్సీకిచ్చారు, ఇవన్నీ అడిగాను. నా గురించి వాళ్ల దగ్గరేముంది, ఎవరెవరికిచ్చారు అని కూడా. మన వ్యక్తిగత వివరాల రక్షణకి వచ్చిన 2023 డేటా చట్టంలో ఆ హక్కు ఉంది కానీ, 2025 నవంబరులో నిబంధనలొచ్చాక 18 నెలలకు గానీ అమలు కాదట. అయినా అడిగితే పోయేదేముంది?

పోస్టాఫీసులో రిజిస్టర్డ్ పోస్టు అంటే నన్ను పాతకాలం మనిషిలా చూశారు. 2025లో అది స్పీడ్ పోస్టులో కలిసిపోయిందిగా! ఆ రసీదు మాత్రం పారేయకు.

అదే రోజు సిబిల్‌కి కూడా ఫిర్యాదు పెట్టాను. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకి 100 రూపాయలు మనకివ్వాలి. బ్యాంకుకి నా సంతకం ఉన్న దరఖాస్తు దొరకలేదట, బాకీ తీసేశారు. రిపోర్టు సరిచేసేసరికి 34 రోజులు. నిజంగానే 400 ఖాతాలో పడింది! మీ చెల్లెలు ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది, "మా ఆయన బ్యాంకు దగ్గర వసూలు చేశాడు" అని.

నీది నాలాంటి కేసు కాదని తెలుసు. నువ్వు కార్డు వాడావు, ఆసుపత్రికి కట్టావు. ఎగ్గొట్టమని నేననను. కానీ 62 వేల బాకీ అనేది ఆ ఏజెంటు నోటిమాట, కాగితం కాదు. ఆ మూడేళ్ల లెక్క కోసం, ముందు చివరిసారి ఎప్పుడు కట్టావో పాస్‌బుక్కులో చూడు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్, నాలుగింటి దగ్గరా ఏడాదికోసారి రిపోర్టు ఉచితమే, అన్నీ తెప్పించు. బ్యాంకు నెలలోగా జవాబివ్వకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్లో పెడదాం, రూపాయి ఖర్చు లేదు. ఇక్కడ నృపతుంగ రోడ్డులో ఆర్‌బీఐ ఆఫీసుందని నేను అక్కడికే బయల్దేరాను. తీరా చూస్తే కాగితం మీద రాసేవి చండీగఢ్ పంపాలట!

ఈ రాత్రికే డ్రాఫ్టు రాసి ఫోటో పంపు. నేను చూసేదాకా సంతకం పెట్టకు. మామగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ
రాంబాబు