మూడు టక్కుల తాళ్లు వెనక్కి తీసుకురండి

ఈ ఏడాది వేట నిషేధం రోజుల్లో, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 లోపు, మా కొట్లో చివర కన్ను వేసిన (కొసను ఉంగరంలా వెనక్కి మడిచి అల్లిన) నైలాన్ తాడు కొన్న వాళ్లందరికీ ఈ మాట. కన్ను మొదలయ్యే చోట వేలు పెట్టి, ఒక్కో పాయ తాడులోకి ఎన్నిసార్లు దూరి బయటికి వచ్చిందో లెక్కపెట్టండి. ఒక్కో దూర్పును మేం టక్కు అంటాం. ఐదు ఉండాలి. మూడే ఉంటే ఆ తాడుతో బోటు కట్టకండి, బరువు ఎత్తకండి. మాకు తెచ్చివ్వండి. డబ్బు కావాలంటే డబ్బు ఇస్తాను, కొత్త కన్ను కావాలంటే వేయించి ఇస్తాను. బిల్లు అక్కర్లేదు.

అలాంటివి నలభైకి పైగా బయటికి వెళ్లాయి. ఇప్పటికి ఇరవై ఆరు తిరిగొచ్చాయి. తప్పు నాది. ఎలా జరిగిందో దాచకుండా చెప్తాను.

మా కొట్టుకు వచ్చేవాళ్లందరికీ చీఫ్ గారు తెలుసు. గుమ్మం పక్కన స్టూలు మీద, ఒళ్లో తాడు పెట్టుకుని కూర్చునే పెద్దాయన. నేవీలో చీఫ్ పెట్టీ ఆఫీసర్‌గా రిటైరయ్యారు. 1971 యుద్ధంలో ఆయనకు ఇరవై ఏళ్లు, విమానాలు మోసే యుద్ధనౌక విక్రాంత్ మీద డెక్ పని. నాన్న ఉన్నప్పటి నుంచీ మా తాళ్లకు కళ్లు వేసేది ఆయనే. లోపల వించీలు, పంపులు చూసే ఇంకో పెద్దాయన కూడా నేవీ మనిషే, ఇంజన్ రూమ్‌లో చేసి వచ్చారు. పంపు తిరుగుతుంటే పొడవాటి స్క్రూడ్రైవర్ ఒక కొస దాని మీద, ఇంకో కొస చెవి దగ్గర పెట్టుకుని ఏ బేరింగ్ పోయిందో చెప్పేస్తారు.

తాడుకు ముడి వేస్తే ముడి పడిన చోట బలం మూడో వంతు నుంచి సగం దాకా పోతుంది. అందుకే బోటు కట్టే తాడుకు ముడి వేయరు, చివరి పాయలను విప్పి, తాడును వెనక్కి మడిచి, అదే తాడు పాయల మధ్యలోకి అల్లేస్తారు. దాన్నే స్ప్లైస్ అంటారు. సరిగ్గా వేస్తే తాడు బలం దాదాపు అలాగే ఉంటుంది. కొబ్బరి పీచు తాడుకైతే మూడు టక్కులు చాలు, పీచు గరుకుగా ఉండి ఒకదాన్నొకటి పట్టుకుంటుంది. నైలాన్ నున్నగా ఉంటుంది, పైగా లాగితే సాగుతుంది. మూడు టక్కులతో వదిలేస్తే మెల్లమెల్లగా జారిపోతుంది. చూడ్డానికి మాత్రం రెండూ ఒకేలా ఉంటాయి. అక్కడే నేను దొరికిపోయాను.

నిషేధం 61 రోజుల్లోనే మరపడవల రిపేర్లన్నీ జరుగుతాయి, మాకు ఏడాది గిరాకీలో పెద్ద భాగం అప్పుడే. చీఫ్ గారు పొద్దున తొమ్మిదికి వచ్చి పన్నెండుకి వెళ్లిపోతారు. కంటి ఆపరేషన్ అయ్యాక మరీ సన్నపని పెట్టుకోవడం లేదు. ఆ మూడు గంటల్లో లావు తాళ్లయితే నాలుగైదు కళ్లు వేస్తారు. నేనేమో రోజుకి పన్నెండు ఆర్డర్లు ఒప్పుకున్నాను. వద్దనడానికి నోరు రాలేదు. మధ్యాహ్నాలు మా కుర్రాడి చేత వేయించాను. వాడు నేర్చుకుంటున్నది పీచు తాడు మీద. నైలాన్‌కి ఐదు వేయాలని వాడికి ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సినదాన్ని నేను. వాటిని కూడా "చీఫ్ గారి చేతి పని" అనే అమ్మాను. వాడి తప్పు ఇందులో ఏమీ లేదు, దయచేసి వాణ్ణి ఎవరూ ఏమీ అనకండి.

జూన్ చివర్లో ఒక రాత్రి గాలికి ఫిషింగ్ హార్బర్‌లో ఒక బోటు ముందు తాడు కన్ను జారిపోయింది. బోటు పక్కకి తిరిగి ఇంకో బోటును గుద్దుకుంది, రెండు చెక్కలు విరిగాయి. లోపల ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఖర్చు నేనే పెట్టుకున్నాను. మర్నాడు ఆ బోటు అన్నయ్య తాడు తెచ్చి నా బల్ల మీద పెట్టి, ఒక్క మాట కూడా అనకుండా నిలబడ్డాడు. చీఫ్ గారు దాన్ని కళ్లతో చూడలేదు, వేళ్లతో తడిమారు.

"ఇది నా చెయ్యి కాదమ్మాయ్."

లోపలికెళ్లి తయారుగా ఉన్న తాళ్లన్నీ దింపించి, తడుముతూ మూడు టక్కులున్నవాటిని కత్తితో కోసి పక్కన పడేశారు. పదిహేడు. తర్వాత బయటికి ఎన్ని పోయాయని అడిగారు. నలభై పైనే అన్నాను. రెండు రోజులు కొట్టుకు రాలేదు.

అంతకు ముందు డిసెంబర్ 4న, నేవీ డే రోజు, మేం ఆయనకు శాలువా కప్పి ఫొటో తీశాం. అది ఇప్పటికీ గోడకి ఉంది. వచ్చిన వాళ్లు ఆయన్ని విక్రాంత్ గురించి అడుగుతారు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ దాన్ని వెతుక్కుంటూ విశాఖ దాకా వచ్చేసరికి అది అండమాన్ వైపు వెళ్లిపోవడం, 3వ తేదీ అర్ధరాత్రి ఘాజీ ఇక్కడే మన సముద్రంలో మునిగిపోవడం అందరికీ వినాలని ఉంటుంది. ఆయన చెప్పేది ఎక్కువగా ఇంకోటి. ఆ యుద్ధానికి వెళ్లేటప్పుడు విక్రాంత్ నాలుగు బాయిలర్లలో ఒకటి పగుళ్లు వచ్చి పనిచేయడం లేదు. మిగతా మూడింటితోనే నడిపారు. స్పీడు తగ్గింది, విమానాలు లేవడానికి ఓడ వేగం వల్ల డెక్ మీదికి వచ్చే గాలి సరిపడా కావాలి, ఆ చింత. అయినా 4వ తేదీన దాని విమానాలు ఇప్పటి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ మీద, చిట్టగాంగ్ మీద దాడి చేశాయి. ఆ రోజుల్లో కింద బాయిలర్ల దగ్గరున్న కుర్రాళ్ల గురించి, వాళ్లు పంపులకు చెవులు పెట్టి ఎలా వినేవారో ఆయన చెప్తుంటే లోపలున్న పెద్దాయన పని ఆపి వింటారు. విక్రాంత్‌ని 1997లో సర్వీసు నుంచి తప్పించారు, 2014లో ముంబైలో ముక్కలు చేయడం మొదలుపెట్టారు. ఆ వార్త వచ్చిన రోజు చీఫ్ గారు కొట్టుకు రాలేదని నాన్న చెప్పేవాడు.

నేనూ ఆ కథలు వందసార్లు విన్నాను. నైలాన్‌కి ఐదు టక్కులు ఎందుకని ఒక్కసారి కూడా కూర్చుని అడగలేదు. ఇన్నేళ్లలో నాకు ఎక్కువ సిగ్గనిపించేది ఇదే.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఒక కన్నుకి మీ దగ్గర 150 తీసుకుని ఆయనకి 60 ఇస్తున్నాను. పెన్షన్ ఉంది కదా, కాలక్షేపానికి వస్తున్నారు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆయన ఎప్పుడూ అడగలేదు. ఇక నుంచి కన్నుకి 220 తీసుకుంటాను, అందులో 150 ఆయనది. కాన్వాస్ పని రేటు కూడా పెరుగుతుంది. అరచేతికి తోలు పట్టీ తొడుక్కుని, బొటనవేలి కింద ఉండే ఇనుప బిళ్లతో సూదిని నెట్టి కుట్టే ఆ కుట్టు వేయడానికి మా దగ్గర ఆయన తప్ప ఇంకెవరూ లేరు. రేటు ఎక్కువనిపించిన వాళ్లకి మెషిన్ మీద కుట్టించి పాత రేటుకే ఇస్తాను, ఏది ఏదో బిల్లు మీద రాసి ఇస్తాను.

ఆర్డర్లు రోజుకి ఐదు మించి తీసుకోను. వచ్చే నిషేధం రోజుల్లో కావాలంటే ఫిబ్రవరిలోనే చెప్పి పెట్టండి.

ఇప్పుడు పొద్దున పూట ముగ్గురు నేర్చుకుంటున్నారు. ఒకడు మా కుర్రాడే. ఇంకొకడు జాలరిపేట పిల్లాడు, వలలు అల్లే చెయ్యి కాబట్టి తొందరగా పట్టుకుంటున్నాడు. మూడోది నేను. నేను తాళ్లకు వేసే కళ్లు ఇంకా అమ్మకానికి పనికిరావు. ఆయన చూసి, ఏమీ అనకుండా మొత్తం విప్పి మళ్లీ నా చేతికిస్తారు. నేర్పే గంటకు కూడా కూలి ఇస్తున్నాను. మొదట తీసుకోనన్నారు. మా ఆవిడకిచ్చెయ్ అన్నారు, అలాగే ఇంటికి పంపిస్తున్నాను.

ఇంకా పదిహేను దాకా తాళ్లు ఎక్కడో బోట్లకి కట్టి ఉన్నాయి. భీమిలి వైపు, పూడిమడక వైపు కొన్న వాళ్లు ఉన్నారని తెలుసు, నంబర్లు లేవు. మీకు తెలిసిన వాళ్లుంటే ఈ మాట చేరవేయండి. తెచ్చేటప్పుడు తాడుని మంచినీళ్లతో కడిగి ఆరబెట్టి తీసుకురండి. ఉప్పు పట్టి బిగిసిన పాయలు విప్పాలంటే చీఫ్ గారి వేళ్లు నొప్పెడతాయి.