నాన్న గురించి, కొట్టులో ఉండిపోయిన మీ టెంట్ల గురించి

నాన్న పోయి రెండు నెలలైంది. కొట్టుకు వచ్చిన ప్రతి ఒక్కరికీ మొదటి నుంచి చెప్పే ఓపిక నాకిక లేదు, అందుకే అందరికీ కలిపి ఒకసారి రాస్తున్నాను. కొండ మీద నుంచి జారిపడ్డారని కొందరు అనుకుంటున్నారట. కాదు. ఇంట్లోనే, నిద్రలో పోయారు. 40 ఏళ్లు కొండలూ వాగులూ పట్టుకు తిరిగిన మనిషికి మంచం మీద పోవడం నచ్చి ఉండదు గానీ, మాకు మాత్రం అదే కాస్త ఊరట.

తాళ్ల వ్యాపారం తాతది. నార తాళ్లూ పీచు మోకులూ అమ్మేవారు. నాన్న చేతికొచ్చాక నైలాన్ వచ్చింది, టార్పాలిన్లు వచ్చాయి, టెంట్ల రిపేరు వచ్చింది. నెలాఖరు రెండు రోజులు కొట్టు మూసేసి మాయమయ్యేవారు. "తాడూ బొంగరం లేనివాడిలా ఈ తిరుగుడేమిటి" అని అమ్మ విసుక్కుంటే, "బొంగరం లేదు గానీ తాళ్లకేం కొదవ?" అనేవారు. ఈ జోకు మీలోనూ చాలామందికి తగిలే ఉంటుంది. నాకైతే లెక్కే లేదు.

కొట్టు పైకప్పు మీద ఒక చెక్క ఉంది. దానికి తాడు ముక్కలు వరుసగా మేకులతో కొట్టి, ఒక్కోదాని పక్కన పెయింట్‌తో తేదీ రాసి ఉంటుంది. కొత్త రకం ఏది వచ్చినా, అమ్మే కంపెనీ ఏం చెప్పినా, ముందు అది అక్కడ ఎండలో పడి ఉండాల్సిందే. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ తాడులో ఎండను తట్టుకునే మందు సరిగా కలపకపోతే కొన్నాళ్లకు గరుకెక్కి, నలిపితే పొడిలా రాలుతుంది. నాన్న ఆ ముక్క తెచ్చి కస్టమర్ అరచేతిలో పెట్టి నలపమనేవారు. ఇక వేరే మాట అక్కర్లేదు.

కొండ ఎక్కడానికి తాడు కావాలని కుర్రాళ్లు వస్తే మాత్రం ఉత్త చేతులతో పంపేవారు. లావు తాడైతే చాలదా అని వాళ్లు వాదించేవారు. ఎక్కే తాడు సాగాలి. పడుతున్న మనిషిని తాడు ఉన్నపళంగా ఆపితే తాడు తెగకపోయినా ఒళ్లు హూనమవుతుంది. సాగుతూ ఆపితే ఆ దెబ్బలో చాలా భాగం తాడే మింగుతుంది. పర్వతారోహకుల అంతర్జాతీయ సమాఖ్య యూఐఏఏ ప్రమాణం ప్రకారం, సింగిల్ రోప్‌కు, అంటే ఒంటి తాడుగా వాడేదానికి, 80 కిలోల బరువు కట్టి పదేపదే పడేస్తారు. కనీసం 5 సార్లు తెగకుండా ఆపాలి. మా కొట్టులో ఉన్నవేవీ ఆ పరీక్షకు వెళ్లిన తాళ్లు కావు. "పెద్దాయనకు వ్యాపారం చేతకాదు" అని వాళ్లు గొణుక్కుంటూ వెళ్లేవారు. నిజమే, కొన్ని నెలలు ఇంట్లో ఆ సంగతి బాగానే తెలిసొచ్చేది.

ఇంకా వాదిస్తే ఆల్ప్స్ పర్వతాల్లోని మాటర్‌హార్న్ కథ ఎత్తుకునేవారు. 1865 జులై 14న ఏడుగురు ఆ శిఖరాన్ని మొట్టమొదటిసారి ఎక్కారు. దిగుతుంటే ఒకరు కాలుజారారు, ఆయనతోపాటు మరో ముగ్గురు కొట్టుకుపోయారు, మిగిలిన ముగ్గురికీ వాళ్లకూ మధ్య తాడు తెగింది. తెగింది వాళ్లు తెచ్చుకున్నవాటిలో అన్నిటికన్నా బలహీనమైన తాడు. అంతకంటే గట్టివి వాళ్ల దగ్గరే ఉన్నాయి. ఆ తెగిన ముక్క ఇప్పటికీ ఆ కొండ కింది ఊరు జెర్మాట్‌లోని మ్యూజియంలో ఉంది. ఎవరు జారారన్నది నాన్నకు పట్టేది కాదు. "చేతికి ఏది అందితే అది కట్టి ఉంటారు" అనేవారు, ప్రతిసారీ అదే మాట.

ఇక నేను చేసిన పని చెప్పాలి. కొట్టు మళ్లీ తెరిచిన మొదటి వారంలో, పడవ నడిపే ఒకాయన వచ్చి పడవలోకి గట్టి తాడు 20 మీటర్లు కావాలన్నారు. చేతికి అందినదాంట్లో మంచి నైలాన్ కోసి ఇచ్చాను. లంగరుకైతే అది సరైన తాడే. ఆయనకు కావలసింది నీళ్లలో పడినవాళ్లకు విసరడానికి. నైలాన్ మునుగుతుంది, పాలీప్రొపిలీన్ తేలుతుంది. మర్నాడు ఒడ్డున విసిరి చూసుకున్నారు కాబట్టి సరిపోయింది. తడి తాడు చుట్ట కౌంటర్ మీద పెట్టి, "నాన్నగారైతే ముందు దేనికి అని అడిగేవారమ్మా" అన్నారు. కోప్పడి ఉంటే బాగుండేది.

కాబట్టి ఆ మొదటి మూడు వారాల్లో నా దగ్గర తాడు కొన్నవాళ్లు దాన్ని ఎక్కడ వాడుతున్నారో ఒకసారి వచ్చి చెప్పండి. పనికిరాదనిపిస్తే మారుస్తాను, బిల్లు లేకపోయినా పర్వాలేదు.

రిపేర్ల సంగతి. నాన్న రోజుకు నాలుగు చేసేవారు, నాకు ఒకటి గగనం. జిప్ పోయిందని తెచ్చేవాటిలో ఎక్కువ వాటికి పళ్లు బాగానే ఉంటాయి, రన్నర్ అరిగి ఉంటుంది. అవి నేను చేయగలను. తడిగా మడిచి అటకెక్కించిన టెంట్‌కు లోపలి పూత జిగురుగా ఊడివస్తుంటే మాత్రం నా వల్ల కాదు. కొత్తది కొనుక్కోమనే చెప్తాను, ముందే చెప్తున్నాను. అరువు లెక్కలు సగం ఆయన బుర్రలోనే ఉండేవి. మీరు ఇవ్వాల్సింది ఉన్నా, మేం ఇవ్వాల్సింది ఉన్నా, మీరు చెప్పిందే రాసుకుంటాను.

ఆయన స్నేహితులు గుర్తుగా ఆయన సొంత తాడు ఇవ్వమని అడుగుతున్నారు. ఆయన తన కొండ తాడును, వాడినా వాడకపోయినా, పదేళ్లు నిండగానే ముక్కలు చేసేవారు. పారేసిన తాడును ఎవరో తీసుకెళ్లి దానికి వేలాడతారని భయం. చివరి రెండు తాళ్లూ నేనే కోశాను. మూరెడు ముక్కలు ఉన్నాయి, కావలసినవాళ్లు తీసుకోండి. మూర మించి ఇవ్వను.

నెలాఖరు రెండు రోజులు కొట్టు మూసే ఉంటుంది. నేనేదో కొండలెక్కుతానని కాదు. ఎన్నిసార్లు రమ్మన్నా ఆయనతో వెళ్లింది రెండుసార్లే, రెండోసారి వాన పట్టుకుంటే దారంతా తిట్టుకున్నాను. మెరుపు మెరిసినప్పుడల్లా ఆయన పైకి అంకెలు లెక్కపెట్టారు. ఉరుము వినపడేలోపు సెకన్లను మూడుతో భాగిస్తే కిలోమీటర్లు. 30 సెకన్లలోపే ఉరుము వస్తే గట్టు దిగిపోవాలి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ ఎక్కకూడదు. ఇరవై రెండు, ఇరవై మూడు అంటున్న ఆ గొంతే ఇప్పుడు ఎక్కువగా గుర్తొస్తోంది. ఆ రెండు రోజులు రిపేర్ల బల్ల దగ్గర కూర్చుని ఆయన కుట్లు విప్పి చూస్తుంటాను.

చివరిగా, వెనక గదిలో 14 టెంట్లున్నాయి, ఒక్కదానికీ చీటీ లేదు. ఏది ఎవరిదో ఆయన పట్టుకుని చెప్పేసేవారు. సంచి రంగు, ఎక్కడ చిరిగిందో చెబితే చాలు, వెతికి ఇస్తాను. ఆకుపచ్చ దానిలో ఒక చిన్నపిల్లల సాక్సు దొరికింది, ఎడమ కాలిదో కుడి కాలిదో తెలియదు. ఉతికి అందులోనే పెట్టాను.