డంగు సున్నానికి మళ్లీ పని దొరికింది

సంపాదకులకు నమస్కారం.

ఈ శీర్షికకు ఇన్నేళ్లుగా నేను రాసినవన్నీ ఫిర్యాదులే. పొంగే మోరీ, వెలగని వీధి దీపం, ఫుట్‌పాత్‌ను ఆక్రమించిన ట్రాన్స్‌ఫార్మర్. ఈసారి సర్కారును మెచ్చుకుంటూ రాస్తున్నాను. మా ఇంట్లోవాళ్లకే ఇది వింతగా ఉంది.

విషయం గోల్కొండనేలిన సుల్తానుల గోరీలు, కుతుబ్‌షాహీ సమాధుల మరమ్మతు. మా లంగర్‌హౌస్‌కు దగ్గరే కాబట్టి అప్పుడప్పుడు టికెట్ కొనుక్కుని లోపలికి పోయి, గోడలు తడిమి చూసి వస్తుంటాను. మా నాయన సున్నం మేస్త్రీ. నేను మునిసిపాలిటీలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఆయన కాలమంతా సున్నంతో గడిచింది, నాది సిమెంటుతో. అక్కడ ఏం జరిగిందో తెలియడానికి ఆ మాత్రం చాలు.

వెనకట ఆ గుమ్మటాలకు మరమ్మతు అంటే సిమెంటే. పగులు కనిపిస్తే సిమెంటు, చెమ్మ కనిపిస్తే దాని మీద ఇంకో పొర. పాత గోడకు అదే విషం. సున్నపు పూత వానకు తడుస్తుంది, ఎండకు ఆరుతుంది. మీద సిమెంటు పడితే సందుల్లోంచి లోపలికి దిగిన నీరు బయటికి రాలేదు. గోడలో ఉప్పు పూస్తుంది, గచ్చు ఉబ్బుతుంది, నాలుగు వందల ఏళ్ల నాటి నగిషీ పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. ఇప్పుడు ముగిసిన ఈ మరమ్మతులో ఆ సిమెంటునంతా ఉలి, సుత్తి పట్టి చేత్తోనే ఒలిపించారు. తర్వాత మళ్లీ డంగు సున్నం. సున్నపురాయిని కాల్చి, నీళ్లు పోసి విరియబెట్టి, రోజుల తరబడి నానబెట్టి, ఇసుక కలిపి గానుగలో రుబ్బి, బెల్లం, మారేడు గుజ్జు చేర్చి పూయడం. మా నాయన చేతిలో చూసిన ఆ పనిని మళ్లీ జీతమిచ్చి చేయించే రోజు వస్తుందని నేననుకోలేదు. ఆయనా అనుకోలేదు.

కొత్తగా పూసిన గుమ్మటం మరీ తెల్లగా ఉందని, పాతదనం పోయిందని కొందరు మిత్రులు పెదవి విరిచారు. నాలుగు వానలు పడనీయండి, అదే నల్లబడుతుంది.

అన్నిటికంటే నన్ను నిలబెట్టేసింది బడీ బావోలి. 2013 వానలకు ఆ మెట్ల బావి పడమటి పక్క కుప్పకూలింది. ఆ స్థితిలో ఇంకో చోటైతే చుట్టూ ముళ్లకంప వేసి ‘ప్రమాదం’ అని బోర్డు పెట్టేవారు. ఇక్కడ కూలిన గోడను తిరిగి కట్టి, పూడిక తీసి, నీళ్లు నిలిచేలా చేశారు. ఆ ఆవరణలోని బావుల నీళ్లే ఇప్పుడు తోటకు పారుతున్నాయి. గోల్కొండ మెట్ల బావుల పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు కూడా వచ్చింది. అదే ఏడు దోమకొండ కోటకూ యునెస్కో గుర్తింపు దక్కింది కానీ అది ఆ కోట సొంతదారుల కుటుంబం తామే బాగుచేసుకున్నది, సర్కారు ఖాతాలో వేయడం న్యాయం కాదు.

‘డబ్బు ఆగాఖాన్ ట్రస్టుది, టాటా ట్రస్టులది, కొంత అమెరికా వాళ్లది. ఇందులో ప్రభుత్వం గొప్పేముంది?’ అని మా వీధి చాయ్ హోటల్లో ఒకాయన నన్ను నిలదీశారు. డబ్బు మాట నిజమే. కానీ ఇరవై రూపాయల స్టాంపు మీద రాసుకున్న బాయినామా, అంటే అమ్మకం కాగితం కూడా మనుషులు మారితే నిలవని చోట, 2013లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం చేసుకున్న ఒప్పందం ఇది. మరుసటి ఏడే రాష్ట్రం రెండయింది. కేసీఆర్ ప్రభుత్వం వచ్చింది, దాన్ని కొనసాగించింది. 2023 చివర్లో ఆ ప్రభుత్వమూ పోయింది. 2024 జూలైలో పని పూర్తయిన సభకు రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రిగా వచ్చారు. మొదలుపెట్టింది ఒకరు, నడిపించింది ఇంకొకరు, రిబ్బన్ కత్తిరించే చోట నిలబడింది మరొకరు. మధ్యలో ఎవరూ ‘ఇది పాతవాళ్ల పని’ అని ఫైలు మూసేయలేదు. నూట ఆరు ఎకరాలు, సమాధులు, మసీదులు, హమాం (స్నానశాల), బావులు కలిపి వంద దాటిన కట్టడాలు, పదకొండేళ్లు. ఎలక్షన్ల లెక్కలో పదకొండేళ్లంటే ఎంతో మీ పాఠకులకు నేను చెప్పక్కర్లేదు.

ఇంకో రెండు పనులకూ మంచి మార్కులు వేస్తాను. చెత్తతో పూడిపోయిన బన్సీలాల్‌పేట మెట్ల బావిని తవ్వి తీసి 2022 డిసెంబరులో తెరిచారు. 1935 నాటి మొజంజాహీ మార్కెట్‌లో రాతి తోరణాలను కప్పేసిన బోర్డులు, రేకులు పీకించి, కారే కప్పును బాగుచేయించారు. దుకాణాలను మాత్రం వెళ్లగొట్టలేదు. ఐస్‌క్రీం అక్కడే తింటున్నాం.

అలాగని నాకు మతిమరుపు రాలేదు. మొజంజాహీ మార్కెట్‌ను బాగుచేయిస్తున్న కేసీఆర్ ప్రభుత్వమే 2019లో కొత్త అసెంబ్లీ కోసం పాత నవాబు భవంతి ఎర్రమంజిల్‌ను కూల్చాలని నిర్ణయించింది. హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది కాబట్టి ఆ భవనం మిగిలింది. అంటే మంచి పని చేయడం చేతనైనవాళ్లకే చెడ్డ పనీ చేతనవుతుంది. అందుకే మంచి చేసినప్పుడు ఇలా ఉత్తరం రాయాలనిపించింది. తిట్టేవాళ్లే రాస్తుంటే, బాగా చేసిన ఆఫీసరుకు తాను చేసింది జనం చూశారని ఎట్లా తెలుస్తుంది?

ఇప్పుడు నా అర్జీ ఒకటుంది. సమాధుల దగ్గర ఇన్నేళ్లు సున్నం పనిలో చేయి తిరిగిన మేస్త్రీలున్నారు. పని అయిపోయింది కదా అని వాళ్లను అపార్ట్‌మెంట్ల ప్లాస్టరింగ్‌కు పోనీయొద్దు. మన జిల్లాల్లో ఊరికో బురుజు వానకింత చొప్పున కూలుతోంది. పాత గుళ్ల రాతి స్తంభాలకు ఎనామిల్ రంగులు పూస్తున్నారు, నేల మీది బండలు తీసి టైల్స్ వేస్తున్నారు. భక్తితోనే చేస్తున్నారు, తెలియక చేస్తున్నారు. దేవాదాయ, పంచాయతీరాజ్ ఇంజినీర్లు పాత కట్టడం మీద చేయి వేసే ముందు కొన్నాళ్లు ఈ మేస్త్రీల దగ్గర కూర్చుని సున్నం తొక్కాలని ప్రభుత్వం ఒక జీవో ఇస్తే చాలు. పెద్ద ఖర్చు కాదు. ఆ ఇంజినీర్లకు కొంచెం నామోషీగా ఉంటుందేమో, అంతే. నేనూ ఆ బాపతు వాడినే కాబట్టి తెలుసు.

— ఒక రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టర్, లంగర్‌హౌస్, హైదరాబాద్