పార్కు గేటు తాళం గురించి మంత్రిగారికి

ఆంధ్రప్రదేశ్ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రిగారికి,

నమస్కారమండి.

నేను గోదావరి డెల్టాలో ఒక పట్టణంలో ఉంటాను. ఊరి పేరు రాయడం లేదు. రాస్తే ఎల్లుండికల్లా మా పార్కు గోడకి రంగు వేసి, ఫొటో తీసి, సమస్య తీరిపోయిందని మీకు పంపించేస్తారు. పక్క ఊళ్ళో పార్కు మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంటుంది.

ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు 68 ఏళ్ళు. సర్వీసంతా కాలువ గట్ల మీద, తూముల దగ్గర, లాకుల దగ్గర గడిచింది. పల్లెలో పెంకుటిల్లు, పెరడు, ఆరు కొబ్బరిచెట్లు అమ్మి, ఇక్కడ ఎనిమిదో అంతస్తులో ఫ్లాట్ కొనుక్కున్నాం. మమ్మల్నెవరూ తరమలేదండి. అమ్మ మోకాళ్ళు, ఆసుపత్రి, మనవడి స్కూలు చూసుకుని మేమే వచ్చాం. అపార్ట్‌మెంట్లను తిట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. పైన గాలి బాగుంటుంది, దోమలు తక్కువ (లేవని అనను). 1986 ఆగస్టు వరదలో గట్ల మీద ఇసుక బస్తాలు వేయించినవాణ్ణి. వానాకాలం రాత్రుళ్ళు ఇంత ఎత్తున పడుకుంటే ఎంత నిశ్చింతగా ఉంటుందో నాకు తెలుసు.

కానీ ఇంటికి వాకిలి లేదు. అమ్మకి 83 ఏళ్ళు. వచ్చిన కొత్తలో తలుపు తీసి కారిడార్‌లోకి వచ్చి నిలబడి, "ఇంట్లోంచి అడుగు బయట పెడితే మళ్ళీ ఇల్లే వస్తుందేంట్రా" అంది. ఊళ్ళో అయితే అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని పలకరిస్తూ పూట గడిపేసేది. ఇక్కడ ఎదురుగా ఇంకొకళ్ళ తలుపు, అది ఎప్పుడూ వేసే ఉంటుంది. ముగ్గు స్టిక్కర్ అంటించి ఇచ్చాం. రెండు రోజులు చూసి, "ఇది చెరగదా?" అని అడిగింది. చెరగని ముగ్గు ఆవిడకి ముగ్గే కాదు.

మా బాల్కనీలోంచి కిందకి చూస్తే రోడ్డుకి అవతల మునిసిపల్ పార్కు మొత్తం కనిపిస్తుంది. సుమారు 1200 గజాలు. ఒక రావిచెట్టు, రెండు బాదం చెట్లు, ఒక ఉసిరిచెట్టు, నీళ్ళు రాని ఫౌంటెన్, మనిషెత్తు ఇంగ్లీషు అక్షరాల్లో 'ఐ లవ్' అని ఊరి పేరు. గేటు మీద బోర్డు: ఉదయం 5 నుంచి 8, సాయంత్రం 5 నుంచి 8. మిగతా వేళంతా తాళం.

మా అమ్మ పొద్దు ఎలా గడుస్తుందో చెప్తాను. లేచి, కాఫీ తాగి, మాత్రలు వేసుకుని, స్నానం, పూజ అయ్యేసరికి తొమ్మిదిన్నర. మా అబ్బాయి, కోడలు ఉద్యోగాలకి వెళ్ళేది తొమ్మిదికి. మనవణ్ణి వ్యాన్ ఎక్కించి పైకి వచ్చి, లిఫ్ట్‌లో ఆవిణ్ణి కిందకి దింపడానికి నాకు ఖాళీ దొరికేదీ అప్పుడే. ధనుర్మాసంలో ఆ వేళ నీరెండ ఎంత హాయిగా ఉంటుందో గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మేం దిగేసరికి గేటుకి తాళం. సాయంత్రం తీస్తారు గానీ అప్పుడు వాకింగ్ వాళ్ళ జోరు. ఫోన్ చెవిలో పెట్టుకుని గుండ్రంగా తిరుగుతుంటారు, ముసలావిడ అడ్డం వస్తే విసుక్కుంటారు. వాళ్ళదీ తప్పు కాదు, ఊరందరి నడకా ఆ మూడు గంటల్లోకే కుక్కితే ఏం చేస్తారు?

మా అమ్మ ఒక్కతే అనుకోకండి. మా బిల్డింగ్‌లో పనిచేసే ఆడవాళ్ళు ఒక ఇంటి పనికీ ఇంకో ఇంటి పనికీ మధ్య దొరికిన గంటలో క్యారేజీ విప్పుకునేది సెల్లార్లో, జనరేటర్ పక్కన. రాత్రి డ్యూటీ చేసిన వాచ్‌మన్ పగలు నడుం వాల్చేదీ అక్కడే. డెలివరీ కుర్రాళ్ళు బళ్ళ మీదే కూర్చుని ఫోన్లు చూసుకుంటారు. రోడ్డుకి అవతల రావిచెట్టు నీడ మాత్రం ఖాళీగా ఉంటుంది. పోయిన కార్తీకంలో మా అసోసియేషన్ వాళ్ళు వనభోజనాలకి బస్సు మాట్లాడుకుని పాతిక కిలోమీటర్లు వెళ్ళొచ్చారు. ఉసిరిచెట్టు ఎదురుగానే ఉందండి, ఆదివారమైనా పగలు దాని కిందకి వెళ్ళే వీల్లేదు.

పగలు ఎందుకు తీయరని తాళం ఉన్న మనిషిని అడిగాను. "ఆయ్, పై నుంచి ఆర్డరండి. పగలు తీస్తే జంటలొచ్చి కూచుంటారంట, మందుబాబులు చేరతారంట" అన్నాడు. మందుబాబులు రాత్రి గోడ దూకి వస్తున్నారు, సీసాలు పొద్దున్నే నాకు పైనుంచి కనిపిస్తాయి. తాళం వాళ్ళనేమీ ఆపలేదు. ఇక ఇద్దరు పిల్లలు బెంచీ మీద కూర్చుని మాట్లాడుకుంటారన్న భయానికి ఊళ్ళో ముసలివాళ్ళందరినీ బయట పెట్టడం నాకు న్యాయంగా తోచలేదు. కాస్త మాటల్లోకి దింపితే అసలు సంగతి బయటపడింది. ఆయన ఒక్కడికే మూడు పార్కులు. కాంట్రాక్టు మీద పని. ఎనిమిదింటికి ఇక్కడ తాళం వేసుకుని రెండోదానికి సైకిల్ తొక్కుకుంటూ పోవాలి. అందుకని ఆయన మీద నాకు కోపం లేదు. కాలువల మీద కాపలా ఉండే లస్కర్లతో పనిచేసినవాణ్ణి, ఒక మనిషి ఎన్ని చోట్ల కాపలా ఉండగలడో నాకు తెలుసు.

మా డెల్టాలో 'లాకు' అంటే పడవని ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దాటించేది. ఇంగ్లీషులో దానికీ తాళానికీ ఒకటే మాటట. పార్కుకి వేసిన లాకు ఎవరినీ ఎక్కడికీ దాటించడం లేదు.

గేట్లు మూయకూడదని నేననడం లేదు, జీవితమంతా మూసినవాణ్ణే. వేసవిలో కాలువలు కట్టేస్తాం. కానీ ఏ తేదీన కడతామో, ఏ తేదీన వదులుతామో రైతుకి ముందే చెప్తాం. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్ళు చాలకపోతే వంతులు పెడతాం, ఎవరి వంతు ఎప్పుడన్నది కాగితం మీద ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర బ్యారేజీకి నాలుగు పాయల మీదా కలిపి 175 గేట్లు. ఏ గేటు ఎంత ఎత్తారు, ఎందుకు ఎత్తారు అని అడిగితే చెప్పే మనిషి ఉంటాడు. ఈ ఆరడుగుల ఇనప గేటు రోజుకి పద్దెనిమిది గంటలు ఎందుకు మూసి ఉండాలో చెప్పే మనిషి మాత్రం నాకింతవరకు దొరకలేదు.

రూల్స్ నాకంటే మీకే బాగా తెలుసు. అయినా రిటైరైన ఉద్యోగిని కదా, కాగితాలు చదవకుండా ఉండలేను. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ మార్గదర్శకాలు పట్టణంలో మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ స్థలం ఉండాలన్నాయి. 10 మీటర్లే వేసుకుందాం, మన లెక్కలో సుమారు 12 గజాలు, ఒక నులకమంచం వేసుకుని దాని చుట్టూ తిరిగేంత. మా ఒక్క బిల్డింగ్‌లో 96 ఫ్లాట్లు. ఇంటికి నలుగురు చొప్పున 384 మంది. అంటే 4600 గజాల పైమాట, ఎకరానికి కాస్త తక్కువ. ఎదురుగా ఉన్నది 1200 గజాలు, ఆ రోడ్డులో మాలాంటి బిల్డింగులు ఇంకో నాలుగు. ఉన్నదే ఇంత కొంచెం అయినప్పుడు దాన్ని ఎక్కువసేపు తీసి ఉంచాలా, తక్కువసేపా?

2017 నాటి మన బిల్డింగ్ రూల్స్ 18 మీటర్లు, ఆపై ఎత్తున్న కట్టడాలను హైరైజ్ అని, వాటి స్థలంలో కనీసం 10 శాతం పచ్చదనానికీ పిల్లల ఆటకీ వదలాలన్నాయి. మా బిల్డింగ్ ప్లాన్‌లో ఆ చోటు ఆకుపచ్చ రంగుతో ఉంది. నేల మీద అక్కడ పదకొండు కార్లున్నాయి. మా మనవడు వాటి మధ్య క్రికెట్ ఆడతాడు, అద్దానికి తగిలితే మేం క్షమాపణ చెప్తాం. ఈ తప్పులో మాకూ వాటా ఉందండి, రెండో కారు కొన్నది మేమే.

లేఅవుట్ల సంగతి వేరు. డెల్టాలో సార్వా, దాళ్వా పండే చేలని గ్రావెల్‌తో మెరక చేసి ప్లాట్లు వేస్తున్నారు. ప్రతి లేఅవుట్‌లోనూ 10 శాతం ఖాళీ స్థలం వదిలి, మునిసిపాలిటీకి గిఫ్ట్ డీడ్ రాసివ్వాలి. రాసిచ్చినవి ఎక్కడున్నాయో మామూలు మనిషి ఎలా తెలుసుకోవాలి? నాకు తెలిసిన ఒక స్థలంలో ఒక మూల వాటర్ ట్యాంకు, ఇంకో మూల ప్రభుత్వ ఆఫీసు లేచాయి. మిగిలింది తుమ్మకంప. అనధికార లేఅవుట్లను క్రమబద్ధం చేసేటప్పుడు ఖాళీ స్థలం వదల్లేదని ప్లాటు విలువలో కొంత శాతం వసూలు చేస్తారు. అది పార్కు బదులు పుచ్చుకున్న డబ్బు. ఏ వార్డులో ఆ డబ్బుతో ఎన్ని గజాలు కొన్నారన్న లెక్క ప్రతి మునిసిపల్ ఆఫీసు గోడ మీద రాసి పెట్టించండి. పార్కుకని కేటాయించిన స్థలాన్ని నర్సింగ్ హోమ్‌కి ఇవ్వడం చెల్లదని 1991లోనే బెంగళూరు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆసుపత్రికే కుదరనప్పుడు మిగతావాటి మాట చెప్పనక్కర్లేదు.

చెట్ల గురించి ఒక్క ముక్క. కడియం నర్సరీల నుంచి దేశమంతటికీ లారీల్లో మొక్కలు వెళ్తాయి. మా పార్కులో కొత్తగా పెట్టినవి మాత్రం మోకాలెత్తు క్రోటన్లు, వాటి పక్కన స్టీలు బెంచీలు. ఏప్రిల్‌లో పొద్దున్న పదింటికి ఆ బెంచీ మీద కూర్చుంటే అట్లపెనం మీద కూర్చున్నట్టే. పగలు ఎవరూ రారన్న ధీమాతో పెట్టిన బెంచీలవి. వేప, కానుగ వేయించండి, కింద సిమెంటు అరుగు కట్టించండి. ఆడవాళ్ళు వాడుకునేలా ఒక మరుగుదొడ్డి, దానికి నీళ్ళు ఉండాలి. 2027లో గోదావరి పుష్కరాలొస్తున్నాయి, ఊళ్ళన్నిటికీ రంగులు పడతాయి. ఆ డబ్బులో కొంచెం చెట్ల పాదులకి పోనివ్వండి.

ఇవన్నీ ఆలస్యమైనా నేను ఆగుతాను, ప్రభుత్వ పనుల వేగం తెలిసినవాణ్ణి. గేటు సంగతికి మాత్రం టెండరు అక్కర్లేదు, శంకుస్థాపన అక్కర్లేదు. రాష్ట్రంలో ప్రతి మునిసిపల్ పార్కూ ఉదయం 5 నుంచి రాత్రి 9 దాకా తెరిచి ఉంచాలని ఒక సర్క్యులర్ ఇప్పించండి. మూయాల్సి వస్తే ఎందుకో, ఎప్పటిదాకానో గేటు మీద రాయాలనండి. తాళం పట్టుకుని మూడు పార్కులు తిరిగే మనిషికి తోడుగా ఇద్దరిని ఇవ్వండి. స్వయం సహాయక సంఘాల మహిళలకి పగటి కాపలా అప్పగించినా సరే, మనుషులు కూర్చునే చోట మందుబాబులు కూర్చోరు.

నాకు విడిగా జవాబు రాయక్కర్లేదండి. ఆ బోర్డు మా బాల్కనీలోంచి కనిపిస్తుంది. అంత దూరం నుంచి అక్షరాలు ఆనవు గానీ, గేటు తీసి ఉందో మూసి ఉందో తెలుస్తుంది. అంతవరకు అమ్మా నేనూ రోడ్డు పక్క బస్ షెల్టర్లో కూర్చుంటున్నాం. నీడ ఉంది, బస్సుల కోసం వచ్చేవాళ్ళని ఆవిడ పలకరిస్తూ ఉంటుంది. రోజూ కిందకి దిగే ముందు మాత్రం బాల్కనీ వైపు చెయ్యి చూపించి ఒకటే మాట అడుగుతుంది: "చూడరా, తీశారేమో."

ఇట్లు,
ఎనిమిదో అంతస్తులో ఉండే ఒక రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టర్