మిషన్ కాలేజీల్లో స్టాటిస్టిక్స్ పోస్టులు నింపండి

సంపాదకుడు గారికి,

నమస్కారం.

ఇంటర్ ఫలితాలు వచ్చినప్పటి నుంచి మా ఊళ్లో ఏ ఫ్లెక్సీ చూసినా డేటా సైన్సే, అంటే సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించే చదువే. అది చదవాలంటే ఇంజినీరింగ్ కాలేజీలోనే చేరాలని తల్లిదండ్రులు అప్పులు చేసి మరీ ఫీజులు కడుతున్నారు. నేను 11 ఏళ్లుగా హైదరాబాద్‌లో డేటా సైన్స్ పనే చేస్తున్నాను. చదివింది మాత్రం కోస్తా జిల్లాలో ఒక చిన్న ఎయిడెడ్ (ప్రభుత్వ సాయంతో జీతాలు నడిచే) మిషన్ కాలేజీలో, బీఎస్సీ మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్. మా సెక్షన్‌లో మొత్తం 26 మందిమి.

మొదటి ఏడాది స్టాటిస్టిక్స్ ప్రాక్టికల్స్ అంటే గ్రాఫ్ షీటు, కాలిక్యులేటర్, రికార్డు పుస్తకం, అంతే. రిగ్రెషన్ గీత, అంటే బిందువుల మొత్తం పోకడ చూపే గీత, చేత్తో గీయాలి. ఏ బిందువు గీతకు దూరంగా పడిందో చూపించి, ఎందుకు పడి ఉంటుందో చెబితేనే మేడమ్ సంతకం పెట్టేవారు. అప్పట్లో విసుగొచ్చేది. ఇప్పుడు పైథాన్ అనే కంప్యూటర్ భాషలో అదే గీత క్షణంలో వచ్చేస్తుంది. అయినా ఆ దూరపు బిందువు దగ్గర ఆగకుండా నేను ముందుకు పోలేను.

రెండో ఏడాది మేడమ్ పాస్టరు గారిని అడిగి చర్చి రిజిస్టర్లు మా చేతిలో పెట్టారు. బాప్తిస్మాలు, సమాధుల వివరాలు ఏళ్ల వారీగా రాసుకున్నాం. చాలా పేర్ల పక్కన వయసు లేదు. కొన్ని పేజీలు వానకు తడిసి చెరిగిపోయాయి. లేని అంకెను ఊహించి నింపొద్దు, లేదనే రాయండి అన్నారు మేడమ్. 1662లో లండన్‌లో జాన్ గ్రాంట్ అనే వ్యాపారి ఇలాగే చర్చి పారిష్‌ల మరణాల పట్టికలు ముందేసుకుని జనాభా లెక్కల శాస్త్రానికి దారి వేశాడని ఆ రోజే తెలిసింది. ఇంటర్‌లో మనమంతా బట్టీ పట్టే బేయీ సిద్ధాంతం కూడా థామస్ బేయ్స్ అనే చర్చి బోధకుడిదే. ఆయన పోయాక 1763లో ఆ వ్యాసాన్ని రాయల్ సొసైటీలో చదివారు. ఈమెయిల్‌లో చెత్త మెయిళ్లను వేరు చేసే పద్ధతుల్లో ఒకటి దాని మీదే నిలబడి ఉంది.

ఉద్యోగంలో ఒకసారి, అప్పులిచ్చే ఒక సంస్థ కోసం, ఎవరికి అప్పు ఇవ్వొచ్చో పాత లెక్కలను బట్టి అంచనా వేసే కంప్యూటర్ మోడల్ తయారు చేస్తున్నాం. చిరునామాలోని పేట పేరు కలిపితే ఫలితం మెరుగైందని టీమంతా సంతోషపడింది. నేను తిరస్కరణల జాబితా తెరిచాను. నేను పుట్టిన పేటలాంటివే వరసగా కనిపించాయి. లోతుగా చూస్తే ఆ పేటలకు అంతకు ముందు అప్పులు ఇచ్చిందే బాగా తక్కువ. ఉన్న నాలుగైదు కేసులను బట్టి మోడల్ మొత్తం పేట మీద తీర్పు చెప్పేస్తోంది. పేట పేరున్న ఆ కాలమ్ తీసేయించడానికి రెండు మీటింగులు పట్టాయి. మాట్లాడే ధైర్యం ఉదయం కాలేజీ అసెంబ్లీలో నిలబడి బైబిలు వాక్యం చదివిన అలవాటు వల్ల వచ్చిందని నా నమ్మకం. చిన్న కాలేజీ కాబట్టి నా వంతు నెలకోసారి వచ్చేది.

లోటు లేదని అనను. మా ల్యాబులో కంప్యూటర్లు పాతవి, సిలబస్ వెనకబడింది. ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి సమాచారం తీసే భాష), పైథాన్ నేను అమీర్‌పేటలో ఆరు నెలలు కూర్చుని నేర్చుకున్నవే. కానీ అవి ఆరు నెలల్లో వచ్చాయి. శాంపిల్ (మొత్తంలోంచి తీసిన నమూనా) అంటే ఏమిటో, దాన్ని ఎంతవరకు నమ్మాలో ఒంటబట్టడానికి మూడేళ్లు పట్టింది.

మచిలీపట్నంలో నోబుల్ కాలేజీ 1843లో బడిగా మొదలైంది. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885 నాటిది. తరాల తరబడి పేద పిల్లలకు గేటు తెరిచిన ఇలాంటి కాలేజీల్లో ఎయిడెడ్ పోస్టుల భర్తీ ఏళ్లుగా ఆగిపోయింది. మా మేడమ్ రిటైరయ్యాక ఆ కుర్చీలోకి ఎవరూ రాలేదు. గెస్ట్ లెక్చరర్ వారానికి మూడు రోజులు వచ్చి వెళ్తున్నారు. దానికి తోడు 2023-24లో ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీలో ఒకే సబ్జెక్టును ప్రధానంగా చదివే సింగిల్ మేజర్ విధానం వచ్చాక, మూడు సబ్జెక్టులూ సమానంగా చదివే మా కాంబినేషన్ చెదిరింది. డేటా సైన్స్ మేజర్ తీసుకుని స్టాటిస్టిక్స్ పైపైన చదివి బయటికొస్తున్న పిల్లలను ఇంటర్వ్యూల్లో చూస్తున్నాను. మోడల్ నడిపిస్తారు. అది ఎందుకు తప్పిందని అడిగితే తల వంచుకుంటారు. తప్పు ఆ పిల్లలది కాదు.

ఉన్నత విద్యామండలి డేటా సైన్స్ మేజర్ ఉన్న ప్రతి చోటా స్టాటిస్టిక్స్‌ను తప్పనిసరి చేయాలి. ఎయిడెడ్ కాలేజీల్లో స్టాటిస్టిక్స్ పోస్టుల భర్తీకి ప్రభుత్వం అనుమతివ్వాలి. చర్చి యాజమాన్యాలు కూడా కొత్త ల్యాబు ప్రారంభోత్సవం కన్నా ముందు ఆ లెక్చరర్ జీతం సంగతి చూడాలి. శనివారాలు వచ్చి ఎస్‌క్యూఎల్ నేర్పడానికి నేను, మా బ్యాచ్‌వాళ్లు ముగ్గురం సిద్ధంగా ఉన్నామని మా కాలేజీకి ఇప్పటికే రాశాం. స్టాటిస్టిక్స్‌కు మాత్రం రోజూ రికార్డు తెరిచి చూసే లెక్చరర్ ఉండాలి.

ఇట్లు,
ఒక పూర్వ విద్యార్థి,
హైదరాబాద్